"మంచు తెల్లగా ఉంది" నిజం, మంచు తెల్లగా ఉంటేనే: తార్‌స్కీ చెప్పింది ఇంతేనా?

కోఠి_పుస్తకాలు
ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తర్కశాస్త్రం గురించి ఒక పాత పుస్తకం దొరికింది. సత్యం అంటే ఏమిటో ఇరవయ్యో శతాబ్దంలో తేల్చింది పోలండ్ తర్కవేత్త తార్‌స్కీయే అన్నట్టు ఆయన్ని ఆకాశానికెత్తేశారు. ఆశగా పేజీలు తిప్పితే తగిలింది ఇది: "మంచు తెల్లగా ఉంది" అనే వాక్యం నిజం కావాలంటే మంచు తెల్లగా ఉండాలి, ఉంటే చాలు. ఇంతే. బళ్ళో కాలుపెట్టని మా అమ్మమ్మ కూడా ఈ మాట చెప్పగలదు, దీనికి పోలండ్ దాకా పోవాలా?

పైగా "ఈ వాక్యం అబద్ధం" అనే పాత చిక్కుకి ఆయన జవాబు ఏమిటంటే, ఒక భాషలోని వాక్యాలు నిజమా కాదా అనేది ఆ భాషలోనే చెప్పకూడదట, పై మెట్టు భాషలోకి (అధిభాష అంటారట) ఎక్కి చెప్పాలట. ఇది పరిష్కారమా, పారిపోవడమా? తెలిసినవాళ్ళు తిట్టకుండా చెప్పండి.

నిద్రరాదు
తిట్టకుండానా? మీరు ఇక్కడికి కొత్తా?

లెక్కలమాస్టారు
కోఠి గారూ, మీరు ప్రశ్నపత్రాన్ని చూసి జవాబుపత్రం అనుకుంటున్నారు. మంచు వాక్యం తార్‌స్కీ ఇచ్చిన నిర్వచనం కాదు. ఎవరైనా "నిజం"కి నిర్వచనం ఇచ్చామంటే, అది సరైనదో కాదో చూడటానికి పెట్టిన పరీక్ష. నీ నిర్వచనం నుంచి ఆ భాషలోని ప్రతి వాక్యానికీ ఇలాంటి మంచు వాక్యం ఒకటి రాబట్టగలవా? ఒక్కదానికి రాకపోయినా ఫెయిలే.

అసలు నిర్వచనం వేరే ఉంది. వాక్యాలకి అంతు లేదు కాబట్టి జాబితా రాసి పని కానివ్వలేం. అందుకని ఆయన వాక్యం కంటే చిన్న ముక్క దగ్గర మొదలుపెట్టాడు. "ఎక్స్ ఒక సరిసంఖ్య" అంటే అది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ఎక్స్ చోట 4 పెడితే సరిపోతుంది, 7 పెడితే సరిపోదు. ముందు ఈ "సరిపోవడం" ఏమిటో చెప్పి, ఆ తర్వాత "కాదు", "లేదా", "ప్రతి" కలిపి పెద్ద సూత్రాలు కట్టినప్పుడు అది ఎలా మారుతుందో ఒక్కో మెట్టూ చెప్పుకుంటూ వెళ్ళాడు. చివరికి ఖాళీలేవీ మిగలని సూత్రం వస్తుంది చూడండి, అదే వాక్యం. ఏ వస్తువులు పెట్టినా సరిపోయే వాక్యం నిజం. మీ పుస్తకంలో ఈ భాగం ఉండే ఉంటుంది, సూత్రాలు చూసి దాటేసి ఉంటారు.

ఇది 1933లో పోలిష్‌లో అచ్చయింది. 1935లో జర్మన్‌లో వచ్చాక గానీ బయటివాళ్ళు చదవలేదు. ఆ రోజుల్లో తార్‌స్కీ వార్సాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ ఇదంతా రాశాడు. నేనూ హైస్కూల్లోనే చెప్పి రిటైరయ్యాను. నాకు మిగిలింది సుద్దముక్కల దగ్గు.

కోఠి_పుస్తకాలు
సరే మాస్టారూ, మంచు సంగతి పక్కన పెడదాం. నా రెండో ప్రశ్న అలాగే ఉంది.

నాగావళి
రెండో దానికి నేను ప్రయత్నిస్తాను, నా పీహెచ్‌డీ దీని చుట్టుపక్కలే.

ముందు చిక్కుని గట్టిగా బిగించాలి. "ఈ వాక్యం" అన్నప్పుడు "ఈ" దేన్ని చూపిస్తోందో తెలియదు కాబట్టి అదసలు వాక్యమే కాదని కొట్టేసేవాళ్ళున్నారు. తార్‌స్కీ వాడిన రూపంలో ఆ సాకు లేదు, అది వార్సా తర్కవేత్త వూకషేవిచ్ ఇచ్చిందని ఆయనే చెప్పాడు. "ఫలానా పేజీలో పైనుంచి ఫలానా వరసలో అచ్చయిన వాక్యం నిజం కాదు" అని రాసి, సరిగ్గా అదే పేజీలో అదే వరసలో అచ్చు వేస్తారు. వేలు పెట్టి వరసలు లెక్కపెట్టుకోండి. ఆ వాక్యం దేని గురించి మాట్లాడుతోందో ఎవరికీ అనుమానం ఉండదు. నిజమైతే అబద్ధం, అబద్ధమైతే నిజం.

తార్‌స్కీ అడిగింది: ఈ పేలుడుకి మందుగుండు ఏమిటి? ఆయన లెక్కలో రెండు. ఒకటి, భాషకి తన వాక్యాలకి పేర్లు పెట్టుకునే వీలుండి, వాటి మీద "నిజం" అనే మాట వాడుకునే వీలూ ఉండటం. రెండు, మామూలు తర్కం. రెండూ కలిస్తే పేలుతుంది. తర్కం జోలికి పోనన్నాడు, కాబట్టి మొదటిది వదులుకున్నాడు. మనం మాట్లాడుకునే భాష మొదటిదాన్ని ఎప్పటికీ వదులుకోదు, ఏదైనా చెప్పగలగడమే దాని స్వభావం, కాబట్టి దానికి నా నిర్వచనం పనికిరాదని ఆయనే రాశాడు. ఎక్కడ ఆగుతున్నాడో బోర్డు పెట్టి మరీ ఆగిన మనిషిని పారిపోయాడనడం అన్యాయం.

గోదారిగట్టు
బోర్డు పెట్టి ఆగినా ఆగినట్టే కదండీ. నిజం, అబద్ధం అనే మాటలు కావలసింది మనకి. కోర్టులో సాక్షికి, అసెంబ్లీలో ప్రతిపక్షానికి, ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి. అంకగణితం సూత్రాలు ఎవరూ ఒట్టేసి చెప్పమని అడగరు. అసలు రోగి వార్డులో ఉంటే ఈయన బొమ్మకి ఆపరేషన్ చేసి "విజయవంతం" అన్నాడు.

లెక్కలమాస్టారు
ఆ బొమ్మ ఆపరేషన్‌లోంచే ఒక గొప్ప ఫలితం వచ్చిందమ్మా. అంకగణితం భాషలో ఏ వాక్యాలు నిజమో ఆ భాషలోనే నిర్వచించడం కుదరదని నిరూపించాడు. అంకగణితంలోని నిజాలన్నిటినీ ఏ ఒక్క సూత్రాల చట్టంతోనూ నిరూపించలేమని గోడెల్ 1931లో చూపించిన పనికి తోబుట్టువు లాంటిది. "కూడదు" అని ఆంక్ష పెట్టలేదు, "కుదరదు" అని చూపించాడు. కోఠి గారి ప్రశ్నకి కూడా ఇదే జవాబు.

కోడ్‌కూలీ
ఒక డౌటు. ఆ వాక్యం నిజమూ కాదు, అబద్ధమూ కాదు అనేస్తే గొడవ వదిలిపోదా? డేటాబేస్‌లో మేం రోజూ చేసేది అదే. విలువ తెలియకపోతే నల్. పోలిక నిజమూ కాదు, అబద్ధమూ కాదు, తెలియదు. దాని వల్ల వచ్చే బగ్గుల గురించి ఇప్పుడు అడగొద్దు.

నాగావళి
అదీ వార్సా సరుకే. వూకషేవిచ్ 1918లోనే ఒక ఉపన్యాసంలో చెప్పి, 1920లో అచ్చులో పెట్టాడు. నిజం 1, అబద్ధం 0, మధ్యలో ½. అయితే ఆయన దాన్ని తెచ్చింది ఈ అబద్ధం వాక్యం కోసం కాదు, భవిష్యత్తు కోసం. వచ్చే ఏడాది డిసెంబర్ 21 మధ్యాహ్నం 12కి నేను వార్సాలో ఉంటానా లేదా అన్నది ఈ రోజుకి ఎటూ తేలలేదు అంటాడు. ఈ రోజే నిజమైతే నేను ఉండి తీరాలి, ఈ రోజే అబద్ధమైతే ఉండటానికి వీల్లేదు. రెండింట్లో ఏదైనా ఇక నా ఇష్టానికి చోటెక్కడ? కాబట్టి ½.

మీ ప్రశ్నకి వస్తే, "ఈ వాక్యం అబద్ధం" అనే మామూలు రూపానికి ½ పనిచేస్తుంది. ½కి "కాదు" తగిలిస్తే మళ్ళీ ½ కాబట్టి వైరుధ్యం రాదు. కానీ "ఈ వాక్యం నిజం కాదు" అని మార్చి చూడండి. దానికి ½ ఇచ్చారా, ½ అంటే నిజం కాదనే కదా. అది చెబుతున్నదీ అదే. మళ్ళీ నిజమైపోయింది.

కోడ్‌కూలీ
ప్యాచ్ వేస్తే కొత్త బగ్. సుపరిచితం.

గోదారిగట్టు
½ నాకు వేరే చోట నచ్చదు. "ఉంటాను" ½, "ఉండను" ½. రెండూ "మరియు"తో కలిపితే ఎంత?

నాగావళి
రెండింట్లో చిన్నది. అంటే ½.

గోదారిగట్టు
అదే నేననేది. "ఆ మధ్యాహ్నం వార్సాలో ఉంటాను, ఉండను" అనేది ఇప్పుడే, ఈ క్షణమే అబద్ధం. దానికి డిసెంబర్ దాకా ఆగక్కర్లేదు. దానికి కూడా ½ వేసే లెక్క ఏం లెక్క?

లెక్కలమాస్టారు
ఆ దెబ్బ సరైన చోటే తగిలింది. ఈ అభ్యంతరం పాతదే, దీనికి ఇప్పటికీ గట్టి సమాధానం నేను చూడలేదు. "వాన పడుతుంది లేదా పడదు" అనేదానికి కూడా ఆయన లెక్కలో పూర్తి 1 రాదు. అరిస్టాటిల్ అయితే ఒప్పుకోడు.

విస్తులా_ఒడ్డు
వార్సాలో చదువుకుంటున్నా కాబట్టి నా వంతు. ఇక్కడ యూనివర్సిటీ లైబ్రరీ దోబ్రా వీధిలో ఉంటుంది. బయటి గోడ మీద పచ్చబారిన రాగి పలకలు, వాటి మీద రకరకాల లిపుల్లో రాతలు, సంస్కృతం కూడా ఉంది. లోపలికి అడుగుపెట్టగానే నాలుగు పొడుగాటి స్తంభాలు, ఒక్కోదాని మీద ఒక్కో మనిషి విగ్రహం. రాజులో కవులో అనుకున్నా. చూస్తే త్వార్దోవ్‌స్కీ, వూకషేవిచ్, తార్‌స్కీ, లెష్నియెవ్‌స్కీ. నలుగురూ తర్కం, తత్వం చెప్పుకున్న మాస్టార్లే! పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలు వాళ్ళ కింద నుంచే నడిచిపోతుంటారు, తలెత్తి చూసేవాడు అరుదు.

నిద్రరాదు
మన దగ్గరైతే ఈపాటికి దండలు, ఫ్లెక్సీలు. "తార్‌స్కీ అన్న జన్మదిన శుభాకాంక్షలు, ఇట్లు మీ అధిభాష యువసేన."

విస్తులా_ఒడ్డు
😂 నలుగురిలో పెద్దాయన త్వార్దోవ్‌స్కీ. వియన్నాలో పుట్టి పెరిగి, 1895లో ల్వూవ్‌కి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది, ల్వీవ్ అంటారు. పెద్ద గ్రంథాలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి కాదు, శిష్యుల్ని తయారు చేశాడు. అర్థం కాకుండా రాసేవాడికి లోపల కూడా అర్థం కాలేదన్నమాట అని ఆయన నమ్మకం, దాని మీద ఒక వ్యాసమే ఉంది.

గోదారిగట్టు
ఆయన వ్యాసాన్ని మన విమర్శకులకి పంచిపెట్టాలి. ఉచితంగా.

నాగావళి
త్వార్దోవ్‌స్కీది ఇంకొకటి చెప్పాలి, ఈ కథంతా అక్కడే మొదలైంది. "ఇవాళ నిజమైంది రేపు అబద్ధం కావచ్చు, నాకు నిజమైంది నీకు కాకపోవచ్చు" అనేవాళ్ళకి ఆయన 1900లో జవాబు రాశాడు. "వాన పడుతోంది" అంటే నిజమే ఇక్కడ, అబద్ధం పక్క ఊళ్ళో. కాబట్టి నిజం సాపేక్షమా? కాదంటాడు. నువ్వు వాక్యం సగమే చెప్పావు, మిగతాది పూర్తిచెయ్యి: గ్రెగోరియన్ క్యాలెండర్ ప్రకారం 1900 మార్చి 1న, మధ్య యూరప్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12కి, ల్వూవ్‌లో హై కాసిల్ గుట్ట మీద, దాని చుట్టుపక్కల వాన పడుతోంది. ఇప్పుడు చెప్పు, ఇది ఎవరికి నిజం, ఎవరికి అబద్ధం?

కోఠి_పుస్తకాలు
ఇది బాగుంది. మంచు కంటే ఈ వాన నాకు బాగా పట్టింది.

గోదారిగట్టు
వానకి సరే. "ఈ కూర బాగుంది" అనేదాన్ని ఏ క్యాలెండర్ వేసి పూర్తి చేస్తాడు?

నాగావళి
"ఫలానా పూట ఫలానా మనిషికి రుచించింది" అని. అలా మారిస్తే కూర గురించి ఏమీ చెప్పనట్టే అవుతుంది కదా అంటే, అవును, అక్కడ నాకూ ఇబ్బందే. అయినా ఆయన శిష్యులకి ఆ నమ్మకం బలంగా అంటుకుంది. 1913లో కొతర్బీన్‌స్కీ "జరగబోయేదాని గురించిన వాక్యం ఇప్పటికింకా నిజం కాలేదు" అని రాస్తే, అదే ఏడాది లెష్నియెవ్‌స్కీ ఎదురు రాశాడు: ఒకసారి నిజమైంది ఎప్పటికీ నిజమే, అంతకుముందు కూడా ఎప్పుడూ నిజమే. కొతర్బీన్‌స్కీ ఆ వాదనకి ఒప్పుకుని తన అభిప్రాయం వదిలేశాడు. వదలనివాడు వూకషేవిచ్ ఒక్కడే, దాని నుంచే ఆ ½.

నిద్రరాదు
చర్చలో ఓడిపోయి అభిప్రాయం మార్చుకున్నాడా? ఈ వాక్యానికి ఆధారం కావాలి, నేను నమ్మను.

కోడ్‌కూలీ
వూకషేవిచ్ అంటే మన బీటెక్ వూకషేవిచ్ కదా? పోస్ట్‌ఫిక్స్‌లోకి మార్చుము, 10 మార్కులు. పోలిష్ నొటేషన్ అంటే పోలండ్‌వాడు అని నాకు ఉద్యోగం వచ్చాక తెలిసింది.

లెక్కలమాస్టారు
ఆయనే. 1924లో కనిపెట్టాడు. ఆయనది ప్లస్, మైనస్ లాంటి గుర్తు ముందు వచ్చే పద్ధతి, మీ పరీక్షల్లోది గుర్తు వెనక వచ్చేలా దాన్ని తిరగేసినది. బ్రాకెట్లు ఒక్కటి కూడా అక్కర్లేకుండా ఎంత పెద్ద సూత్రమైనా రాయొచ్చు. ఇదిగో: − × 4 5 + 6 7. ఎంతో చెప్పండి. గూగుల్ చూడకూడదు.

మధ్యమమార్గం
నిజమూ కాదు, అబద్ధమూ కాదు అనే మాట వచ్చినప్పటి నుంచి ఆగలేకపోతున్నా. నాగార్జునుడి చతుష్కోటి గుర్తు రావట్లేదా ఎవరికీ? ఉంది, లేదు, ఉండీ లేదు, ఉండటమూ లేదు లేకపోవడమూ లేదు.

గోదారిగట్టు
బయల్దేరింది. నాగార్జునకొండలోనే కంప్యూటర్ కనిపెట్టాం అని కూడా అనేయండి.

మధ్యమమార్గం
నేననట్లేదు మేడమ్, ఆ దారి పట్టింది వార్సావాళ్ళే. స్తనిస్వావ్ షాయెర్ అని సంస్కృత పండితుడు, వార్సా యూనివర్సిటీలో ప్రాచ్య విద్యల సంస్థ స్థాపించినాయన. నాగార్జునుడి కారికలకి చంద్రకీర్తి రాసిన ప్రసన్నపద వ్యాఖ్యలోంచి కొన్ని అధ్యాయాలు 1931లో జర్మన్‌లోకి తెచ్చాడు. భారతీయ తర్కాన్ని అరిస్టాటిల్ మూసలో కుక్కకుండా, పక్కనే వూకషేవిచ్ వాళ్ళు తయారుచేసిన కొత్త తర్కం పనిముట్లతో చదవాలని 1930లలోనే వాదించాడు. నాగార్జునుడికి ½ తెలుసని ఆయనా అనలేదు, నేనూ అనను. చదివే కళ్ళజోడు మార్చాడు, అంతే.

గోదారిగట్టు
ఇలా చెబితే వింటాను.

నిద్రరాదు
నాగావళి గారు వెనకేసుకొచ్చిన తార్‌స్కీ మెట్ల పద్ధతి ఇక్కడే పరీక్షిద్దాం. నా ప్రకటన: ఈ పోస్టు తర్వాత గోదారిగట్టు గారు రాయబోయే మొదటి వాక్యం నిజం.

గోదారిగట్టు
నిద్రరాదు పైన చేసిన ప్రకటన అబద్ధం. ఇప్పుడు చెప్పండి నాగావళి గారూ, మా ఇద్దరిలో ఎవరు పై మెట్టు మీద ఉన్నారు? ఆయన నా మాట గురించి మాట్లాడాడు కాబట్టి నా పైన ఉండాలి. నేను ఆయన మాట గురించి మాట్లాడాను కాబట్టి ఆయన పైన ఉండాలి. విడివిడిగా చూస్తే రెండూ మర్యాదైన వాక్యాలే. నేను "ఇవాళ మంగళవారం" అని రాసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడు ఏమంటాడో తెలియకుండా ముందే మెట్టు నంబరు ఎలా తగిలించుకోవాలి?

నాగావళి
సరిగ్గా ఈ దెబ్బే 1975లో అమెరికన్ తత్వవేత్త క్రిప్కీ కొట్టాడు, వాటర్‌గేట్ రోజుల ఉదాహరణతో. నిక్సన్ గురించి ఒకడు, వాడి గురించి నిక్సన్. చిక్కు వాక్యంలో దాక్కుని ఉండదు, పరిస్థితి కలిసిరాకపోతే ఏ వాక్యమైనా చిక్కే అన్నాడు. అందుకని ఒకే "నిజం" ఉంచి, దానికి విలువ మెల్లగా కట్టుకుంటూ వెళ్ళాడు. ముందు "నిజం" ఊసు లేని వాక్యాలు తేలతాయి, తర్వాత వాటి గురించి చెప్పినవి, అలా. మీ ఇద్దరివీ ఎన్ని మెట్లెక్కినా తేలవు. తేలని వాటికి విలువ లేదు.

కోడ్‌కూలీ
అంటే మళ్ళీ నల్. మరి "ఈ వాక్యం నిజం కాదు" వస్తే?

నాగావళి
"దానికి విలువ లేదు, కాబట్టి అది నిజం కాదు" అని మనం బయట నిలబడి చెప్పే మాట ఆ భాషలోపల చెప్పడానికి ఉండదు. చెప్పాలంటే పై భాషలోకి ఎక్కాల్సిందే. తార్‌స్కీ మెట్ల దయ్యం మనల్ని ఇంకా వదల్లేదని క్రిప్కీయే రాసుకున్నాడు.

లెక్కలమాస్టారు
😊

గోదారిగట్టు
మాస్టారు నవ్వితే ఒళ్ళు మండుతుంది.

లెక్కలమాస్టారు
ఒళ్ళు మండేవాళ్ళకీ పోలండ్‌లో ఒకాయన ఉన్నాడు. స్తనిస్వావ్ యష్కోవ్‌స్కీ. మామూలు తర్కంలో ఒక్క వైరుధ్యం దొరికిందా, దాంట్లోంచి ఏదైనా నిరూపించొచ్చు. చందమామ పెసరట్టు అని కూడా. యష్కోవ్‌స్కీ 1948లో అడిగాడు: నలుగురు కూర్చుని వాదించుకుంటున్నారు, ఒకడు అవునన్నాడు, ఇంకొకడు కాదన్నాడు. అంతమాత్రాన చందమామ పెసరట్టు అవుతుందా? కాదు కదా. మరి చర్చకి తగిన తర్కం ఏమిటి?

ఆయన ఉపాయం: చర్చలో ఎవరు ఏది అన్నా దాన్ని "ఈ చర్చలో ఒకరి లెక్కన ఇది కావచ్చు" అని చదువుకోవాలి. ఒకరి లెక్కన అవును, ఇంకొకరి లెక్కన కాదు. రెండూ ఒకే తర్కంలో పక్కపక్కన ఉండొచ్చు. కానీ వాటిని "మరియు"తో కలిపి ఒకే మనిషి నోట్లో పెట్టే హక్కు ఎవరికీ లేదు. కలపకపోతే పేలదు. వైరుధ్యాన్ని తట్టుకునే తర్కాలన్నిటికీ ఇది తొలిరోజుల మెట్టు.

కోఠి_పుస్తకాలు
అంటే ఈ దారం మొత్తానికి ఆయన తర్కమే వర్తిస్తుందా? గోదారిగట్టు గారూ, మాస్టారూ ఇద్దరూ ఉండొచ్చు, కలపకూడదు?

నిద్రరాదు
కలపకూడదు అని మేం ముందు నుంచీ చెబుతున్నాం. పెళ్ళిళ్ళలో కూడా పక్కపక్కన కుర్చీలు వెయ్యొద్దు.

గోదారిగట్టు
నాకు యష్కోవ్‌స్కీ నచ్చాడు, ఒక్క పేచీతో. ఒకే మనిషి పొద్దున అవునని సాయంత్రం కాదంటే? టీవీ చర్చల్లో జరిగేది అదే.

లెక్కలమాస్టారు
పొద్దుటి ఆయన ఒకరు, సాయంత్రం ఆయన ఇంకొకరు అనుకోవాలి. మన నాయకులకి ఇది బాగా సరిపోతుంది.

విస్తులా_ఒడ్డు
1948 అంటున్నారు గానీ, అప్పటికి ఈ పోలండ్ తర్కవేత్తల బృందం ఎలా అయిపోయిందో కూడా చెప్పాలి. తార్‌స్కీ 1939 ఆగస్టులో ఒక సదస్సు కోసం అమెరికా ఓడ ఎక్కాడు. సెప్టెంబర్ 1న యుద్ధం మొదలైంది. భార్యా పిల్లలు వార్సాలో చిక్కుకుపోయారు, మళ్ళీ కలిసింది 1946లో. అమ్మా నాన్నా తమ్ముడూ మిగల్లేదు. పుట్టినప్పటి ఇంటిపేరు తైతెల్‌బామ్, యూదు కుటుంబం. పేరు మార్చుకున్నా, మతం మారినా పోలండ్‌లో ప్రొఫెసర్ కుర్చీ దక్కలేదు.

ఆయనతో కలిసి పనిచేసిన లిండెన్‌బామ్‌ని 1941లో విల్నా దగ్గర నాజీలు చంపారు, భార్య యానీనా హొసియాసన్‌ని మరుసటి ఏడాది. కాకులన్నీ నల్లనివి అన్నా, నల్లగా లేనిదేదీ కాకి కాదన్నా ఒకటే కాబట్టి, దానికి తెల్ల బూటు కూడా సాక్ష్యమేనా అనే చిక్కు ఉంది కదా, తత్వవేత్త హెంపెల్‌ది. దాన్ని అచ్చులో మొదట చర్చించింది ఆవిడే, 1940లో. వూకషేవిచ్ కాగితాలు 1939 బాంబుల్లో కాలిపోయాయి. లెష్నియెవ్‌స్కీ రాతప్రతులు 1944 వార్సా తిరుగుబాటులో బూడిదయ్యాయి. వూకషేవిచ్ చివరికి డబ్లిన్ చేరి 1956లో అక్కడే పోయాడు. లైబ్రరీలో స్తంభాల మీద నలుగురే. ఆవిడకి స్తంభం లేదు.

మధ్యమమార్గం
షాయెర్ కూడా 1941లోనే పోయాడు.

కోఠి_పుస్తకాలు
హొసియాసన్ గారి కాకుల గురించి వేరే దారం మొదలుపెడతారా ఎవరైనా? నా పుస్తకం వెనక అనుక్రమణికలో కూడా ఆవిడ పేరు లేదు. మాస్టారు చెప్పిన "సరిపోవడం" అధ్యాయం దొరికింది, ఇవాళ రాత్రికి మొదలుపెడతా. రెండు పేజీలు చూశాను, తల తిరుగుతోంది గానీ అమ్మమ్మ చెప్పగలిగేది మాత్రం కాదు.

నాగావళి
కాకుల దారం నేను మొదలుపెడతాను, ఆదివారం దాకా టైమివ్వండి. గోదారిగట్టు గారు రావాలి, లేకపోతే మజా ఉండదు.

గోదారిగట్టు
తెల్ల బూటు వేసుకుని వస్తాను.

నిద్రరాదు
మాస్టారూ, 7. ఇరవైలోంచి పదమూడు. నా పోస్ట్‌ఫిక్స్ బ్యాక్‌లాగ్ ఇప్పుడైనా క్లియర్ చేస్తారా?

లెక్కలమాస్టారు
జవాబు కరెక్టే. స్టెప్స్ లేవు, సగం మార్కులే.